సెల్యూట్ బాకీ

ఉద్దానం,
కార్తీక పౌర్ణమి.

చిరంజీవి బుజ్జమ్మకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న నువ్వు యూనిట్ నుంచి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడావు కానీ అందులో సగం నాకు అందలేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి కూడా ఈ మధ్య మొరాయిస్తోంది. మీ నాన్న పక్కన కూర్చుని "ఇలా అంటోంది, అలా అంటోంది" అని చెబుతుంటే నాకు తృప్తి కలగలేదు. మధ్యలో మనిషి లేకుండా నీతో నాలుగు మాటలు చెప్పాలనిపించి కలం పట్టాను. చెవి సంగతి నీకు పనికొస్తుంది కాబట్టి అది తర్వాత రాస్తాను. ముందు సెప్టెంబరులో చెన్నైలో జరిగింది మాట్లాడుకోవాలి.

మీ అకాడమీ పాసింగ్ ఔట్ పరేడ్ అయిపోయింది. మీ అమ్మ ఒక భుజం మీద, నాన్న ఇంకో భుజం మీద స్టార్లు పెట్టారు. మీ అమ్మ చేతులు వణుకుతుంటే నువ్వే పట్టుకుని సరిచేశావు. తర్వాత నేను మెడల్స్ పెట్టుకున్న కోటు సర్దుకుని, సావధాన్‌లో నిలబడి నీకు సెల్యూట్ చేశాను. నువ్వు ఒక్కసారి గాభరా పడి నా కాళ్లకు దండం పెట్టబోయావు. నేను రెక్క పట్టుకుని ఆపేశాను. "నువ్వు నాకు సెల్యూట్ చేయడమేంటి తాతయ్యా" అని ఏడ్చావు. అంతమందిలో ఏం చెప్పను? తర్వాత రాస్తాలే అన్నాను. ఆ మాట ప్రకారమే రాస్తున్నాను.

నేను 1972లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో రిక్రూట్‌గా దిగాను. 2000లో సుబేదార్‌గా పెన్షన్ మీద ఇంటికి వచ్చాను. ఈ 28 ఏళ్లలో మీసం సరిగా రాని కుర్రాళ్లకు ఎన్ని వేల సెల్యూట్లు కొట్టి ఉంటానో. వాళ్లలో కొందరు నాకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు. ఏనాడూ చిన్నతనం అనిపించలేదు, ఎందుకంటే అది రాష్ట్రపతి ఇచ్చిన కమిషన్‌కు చేసే సెల్యూట్. నీకు చేసిందీ అదే. దాన్ని సిగ్గుపడకుండా, తల ఎత్తి తీసుకోవడం నేర్చుకో. ఇప్పుడు మీ యూనిట్‌లో నీ తండ్రి వయసు సుబేదార్ సాబ్ రోజూ పొద్దున్నే నీకు సెల్యూట్ చేస్తాడు. ఆయన నీకు అప్పు ఇస్తున్నాడని గుర్తుంచుకో. నువ్వు ఎలాంటిదానివో తెలియకుండానే ముందుగా గౌరవం ఇచ్చేస్తాడు. ఆ బాకీ నువ్వు ఎలా తీరుస్తావో ఆ యూనిట్‌లో ప్రతి కన్నూ చూస్తూ ఉంటుంది. నా సర్వీసులో బాకీ తీర్చిన ఆఫీసర్ల పేర్లు ఈ వయసులో కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తీర్చనివాళ్ల ముఖాలు కూడా గుర్తు లేవు.

అకాడమీలో ఆ 49 వారాలు నువ్వు పడ్డ కష్టం నాకు తెలుసు. ఆరో వారంలో ఫోన్ చేసి "నా వల్ల కాదు తాతయ్యా, మోకాళ్ల తోలు ఊడిపోయింది, రాత్రి నిద్ర లేదు" అన్నావు. ఆ రోజు నేను ఓదార్చలేదని మీ మామ్మ నన్ను తిట్టింది. తిత్లీ తుపాను వచ్చిన 2018లో, ఒక్క రాత్రిలో మన కొబ్బరి తోట సగం పడిపోతే, ఇంటర్ చదువుతున్న పిల్లవి మర్నాడు కత్తి పట్టుకుని నాన్నతో పాటు పడిన చెట్ల మట్టలు కొట్టావు. అది చూసినవాణ్ని నేను. మోకాలి తోలుకి నువ్వు ఇంటికి వచ్చేయవని నాకు నమ్మకం. అక్కడి రగడా శిక్షలు, బరువు మోసుకుని పరుగులు, నిద్ర లేని క్యాంపులు అన్నీ నీ ఒళ్లు ఎంత వరకు సాగుతుందో నీకు చూపించడానికే. ఆ చదువు అయిపోయింది. ఇప్పుడు ఎదుటివాడి ఒళ్లు, ఎదుటివాడి మనసు ఎంత వరకు సాగుతుందో తెలుసుకునే చదువు మొదలైంది. దీనికి సిలబస్ లేదు, మాస్టారు మాత్రం ఉన్నాడు. ఆయనే మీ సుబేదార్ సాబ్.

మీరు డ్రిల్ చేసిన మైదానానికి పరమేశ్వరన్ గారి పేరు ఉంది కదా. నేను రిక్రూట్‌గా దిగిన 1972లోనే మేజర్ రామస్వామి పరమేశ్వరన్ మీ అకాడమీ నుంచి ఆఫీసర్‌గా బయటికొచ్చాడు. 1987 నవంబరు 25న శ్రీలంకలో, ఛాతీలో తూటా దిగాక కూడా, కాల్చినవాడి చేతిలోంచి రైఫిల్ లాక్కుని వాణ్ని పడగొట్టాడు. ప్రాణం పోయేదాకా తన వాళ్లకు ఆర్డర్లు ఇస్తూనే ఉన్నాడు. పరమవీర చక్ర వచ్చింది. మన వైపే ఉన్న కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు, 2020 జూన్‌లో గల్వాన్‌లో కమాండింగ్ ఆఫీసర్ అయ్యుండి తనే స్వయంగా ముందు వెళ్లాడు. నువ్వు కూడా చచ్చిపోవాలని వీళ్ల పేర్లు ఎత్తలేదు తల్లీ, రాస్తుంటేనే నా చెయ్యి ఆగుతోంది. ఆ సమయంలో వాళ్ల వెనక జవాన్లు ఎందుకు కదిలారో ఆలోచించు. అది ఆ ఒక్క రాత్రి పుట్టిన నమ్మకం కాదు. అంతకు ముందు ఎన్నో మామూలు రోజుల్లో, పీటీ పరేడ్‌లో, లంగర్‌లో, రోల్ కాల్‌లో కూడిన నమ్మకం.

అందుకే నీ మామూలు రోజుల గురించే నాకు పట్టింపు.

మొదటి నెల జవాన్లతో పాటే ఉండమన్నారని, వాళ్ల లంగర్‌లోనే తింటున్నానని చెప్పావు. మంచి యూనిట్ అమ్మా అది. ఆ నెల త్వరగా గడిచిపోవాలని కోరుకోకు. రొట్టెలు ఎలా ఉన్నాయో, పప్పు పలచగా ఉందో లేదో, రాత్రి రెండింటికి సంత్రీ డ్యూటీలో నిలబడితే కాళ్లు ఎలా లాగుతాయో ఇప్పుడు తెలుసుకుంటేనే తెలుస్తుంది. తర్వాత నువ్వు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్తే అన్నీ తళతళలాడుతూ కనిపిస్తాయి. మీ వాళ్లలో ఎక్కువమంది హర్యానా, రాజస్థాన్ కుర్రాళ్లు అన్నావు. నీ హిందీ పుస్తకాల హిందీ. వాళ్ల మాట నేర్చుకో. వాళ్ల అహీర్వాల్ వైపు అమ్మని ఏమంటారో, పొలంలో ఏం వేస్తారో, పెళ్లిలో ఏం పాడతారో అడుగు. గోల్కొండలో మాకు ఒక సర్దార్జీ ఆఫీసర్ ఉండేవాడు. మూడు నెలల్లో తెలుగు నేర్చుకుని "ఏరా, అన్నం తిన్నావా" అని అడిగేవాడు. ఉచ్చారణ వంకరే. అయినా ఆ ప్రశ్న కోసం మేము ఎదురు చూసేవాళ్లం.

ఇప్పుడు గన్ దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇది నువ్వు బాగా మనసులో పెట్టుకోవాలి.

1978లో పోఖ్రాన్ ఫైరింగ్ రేంజ్‌లో ఉన్నాం. ఆరు గన్నులు, 130 ఎం.ఎం.వి. కొత్తగా వచ్చిన సెకండ్ లెఫ్టినెంట్ గన్ పొజిషన్ ఆఫీసర్‌గా ఉన్నాడు. ఫైర్ ఆర్డర్ వచ్చింది, కోణం అంకెలు అరిచి చెప్పారు, గన్నులన్నీ తిరిగాయి. మా గన్‌కు నంబర్ వన్, అంటే దాని కమాండర్, పాత హవల్దార్, ఒంగోలు వైపు మనిషి, పెద్దగా చదువుకోలేదు. ఆయన గొట్టం వైపు ఒకసారి, దూరంగా ఉన్న జెండా వైపు ఒకసారి చూసి "స్టాప్!" అని అరిచాడు. మా దగ్గర ఆ మాట గన్ మీద ఎవరైనా అనొచ్చు, ఆఖరికి గోలా మోసేవాడైనా. అందరం బిగుసుకుపోయాం. కమాండ్ పోస్ట్ నుంచి ఆ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. ఎర్రటి ఎండ, వెనక పెద్ద ఆఫీసర్లు బైనాక్యులర్స్‌తో చూస్తున్నారు. "సాబ్, ఎక్ బార్ చెక్ కర్ లీజియే" అన్నాడు హవల్దార్. ఆ అబ్బాయి తిరిగి వెళ్లి లెక్క చూసుకున్నాడు. రెండు అంకెలు తారుమారయ్యాయి. పేలి ఉంటే ఆ గోలా సేఫ్టీ హద్దు దాటి ఎక్కడ పడేదో.

అతను అప్పుడు చేసిన పని చూడు. లెక్క సరిచేసి ఆర్డర్ మళ్లీ ఇచ్చి ఊరుకుని ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఫైరింగ్ పూర్తయ్యాక ఆరు గన్నులవాళ్లనూ ఒకచోట నిలబెట్టి, "గల్తీ మేరీ థీ. హవల్దార్ సాబ్ నే బచా లియా" అన్నాడు. అంత గట్టిగా, అందరికీ వినిపించేలా. ఆ సాయంత్రం నుంచి ఆ కుర్రాడు రాత్రి పన్నెండింటికి పిలిచినా మా గన్ సిద్ధంగా ఉండేది. తర్వాత ఇంకో చోట దీనికి ఎదురు మనిషిని కూడా చూశాను. తప్పు చూపించిన నాయక్‌ని అందరి ముందూ కసిరాడు. మర్నాటి నుంచి ఆ బ్యాటరీలో ఎవరూ నోరు తెరవలేదు. గన్ మీద నిశ్శబ్దం ఎంత ప్రమాదమో ఆయనకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మన తోప్‌ఖానాలో గన్నే మన నిశాన్, మన జెండా. దాని చుట్టూ ఉన్న మనుషులు నీతో భయం లేకుండా మాట్లాడగలగాలి.

గన్ అంటే చెవి సంగతి వచ్చింది. మా రోజుల్లో చెవుల్లో దూది కుక్కుకునేవాళ్లం, చాలాసార్లు అదీ లేదు. దూది పెట్టుకుంటే పిరికివాడని కుర్రాళ్లు వెక్కిరించేవాళ్లు. నేనూ తీసి పారేశాను. 28 ఏళ్ల ఆ చప్పుడు ఇవాళ నా మనవరాలి గొంతు నాకు వినపడకుండా చేసింది. కార్గిల్‌లో మన గన్నులు సుమారు రెండున్నర లక్షల గోలాలు, రాకెట్లు పేల్చాయని గర్వంగా చెప్పుకుంటాం. ద్రాస్‌లో 5140 కొండకు 2022లో గన్ హిల్ అని పేరు పెట్టినప్పుడు నేను ఇంట్లో స్వీట్లు పంచాను. ఆ గన్నుల పక్కన నిలబడినవాళ్లలో ఎందరికి నాలాగే చెవులు పోయాయో. నువ్వు ఇయర్ ప్లగ్స్ పెట్టుకో, తప్పకుండా పెట్టుకో. నువ్వు పెట్టుకుంటేనే నీ కుర్రాళ్లు పెట్టుకుంటారు. మాటలతో చెబితే వినరు.

ఇక నేను ఇన్నేళ్లు మీ నాన్నకు కూడా చెప్పని సంగతి ఒకటి రాస్తాను.

1989. అప్పుడు నేను బ్యాటరీ హవల్దార్ మేజర్‌ని. విజయనగరం వైపు కుర్రాడు, మంచి గన్నర్, ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి అమ్మకు బాగాలేదు, లీవు కావాలన్నాడు. ఇంకో వారంలో పెద్ద ఎక్సర్‌సైజు ఉంది. అమ్మకి బాగాలేదని చెప్పి లీవు అడిగేవాళ్లను అప్పటికి నేను వందమందిని చూసి ఉన్నాను. "ఎక్సర్‌సైజు అవ్వనీరా, మొదటి పేరు నీదే" అన్నాను. ఆఫీసర్ వరకు తీసుకెళ్లనే లేదు. ఆ కుర్రాడు మారు మాట్లాడకుండా "సరే సార్" అని వెళ్లిపోయాడు. పదో రోజున తంతి వచ్చింది. అప్పటికప్పుడు రైల్వే వారెంటు రాయించి పంపాను. వాడు ఇల్లు చేరేసరికి పెద్దకర్మ జరుగుతోంది. ఒక్కడే కొడుకు. తలకొరివి పెదనాన్న కొడుకు పెట్టాడు.

తిరిగొచ్చాక వాడు నన్ను ఒక్క మాట అనలేదు. పని ఎప్పటిలాగే చేశాడు. కానీ నేను ఆ యూనిట్‌లో ఉన్నంత కాలం మళ్లీ నా దగ్గరికి ఏదీ అడగడానికి రాలేదు. అన్నీ వేరేవాళ్లతో చెప్పించేవాడు. ఆ తప్పు నాది, దాన్ని ఎవరి మీదా పెట్టను. వాడి అమ్మ గురించి నేను వాణ్ని అంతకు ముందు ఒక్కసారైనా అడిగి ఉంటే, ఆ రోజు అబద్ధమో నిజమో వాడి ముఖంలోనే తెలిసేది.

తర్వాత వచ్చిన మా కెప్టెన్ ఒక నోటుబుక్కు పెట్టాడు. ఒక్కో జవానుకి ఒక్కో పేజీ. ఊరు, దగ్గరి రైల్వే స్టేషను, అమ్మానాన్నల వయసు, రోగాలు, పొలం తగాదాలు, అప్పులు, పిల్లల స్కూలు, భార్య నీళ్లాడే నెల, అన్నీ. నన్నే కూర్చోబెట్టి రాయించాడు. నువ్వు అలాంటిదొకటి ఇవాళే మొదలుపెట్టు. ఫోన్‌లో వద్దు, కాగితం మీద, తాళం వేసిన పెట్టెలో. ఏడాదికి రెగ్యులర్ జవానుకి 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్ లీవు. నీకంటే వాడికి క్యాజువల్ పది రోజులు ఎక్కువ. ఎందుకో ఆలోచించు. వాడి ఇంట్లో ఏం జరిగినా వాడే పరుగెత్తాలి. ఊళ్లో ఎవడో వాడి పొలం గట్టు జరిపేస్తే, కొండల మీద పోస్టులో కూర్చున్నవాడు ఏం చేయగలడు? నువ్వు ఆ జిల్లా కలెక్టర్‌కు ఉత్తరం రాయించు, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు రాయించు. పని అవుతుందో కాదో తర్వాత సంగతి. మా మేడమ్ నా కోసం రాసింది అన్న మాట వాడి ఇంటిల్లిపాదికీ చేరుతుంది. మన ఉద్దానంలోనే చూడు, ఎన్ని ఇళ్లలో కిడ్నీ రోగులు ఉన్నారో. వాళ్ల కొడుకులూ ఎక్కడో ఒక యూనిట్‌లో ఒక మేడమ్‌నో సాబ్‌నో లీవు అడుగుతూనే ఉంటారు కదా.

మన ఇంటి విషయం. మీ అమ్మకి రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తానని మాట ఇచ్చావట. ఆ మాట వెనక్కి తీసుకో. ఏదో ఒక రోజు నెట్‌వర్క్ ఉండదు, లేదా మూవ్ వస్తుంది. ఎనిమిది నలభైకి మీ అమ్మ దేవుడి ముందు కూర్చుంటుంది, తొమ్మిదికి నా మంచం దగ్గరికి వస్తుంది. "కుదిరినప్పుడు చేస్తాను, రాకపోతే పనిలో ఉన్నానని అనుకో" అని ఇప్పుడే అలవాటు చెయ్యి. మా రోజుల్లో "కేరాఫ్ 56 ఏపీఓ" అని ఒక్కటే అడ్రసు. నేను ఎడారిలో ఉన్నానో మంచులో ఉన్నానో మీ మామ్మకి తెలిసేది కాదు. నీ యూనిట్ ఎక్కడికి కదులుతోందో నాకు కూడా చెప్పకు. నేను అడిగినా చెప్పకు. వాట్సాప్‌లో ఫొటో పెట్టేముందు వెనక ఏం కనిపిస్తోందో చూసుకో.

జీతం గురించి ఎక్కువ రాయను. 56,100 బేసిక్, దాని మీద 15,500 మిలిటరీ సర్వీస్ పే, ఇంకా డీఏ. మన ఇంట్లో ఎవరూ ఈ వయసులో ఇంత సొమ్ము చూడలేదు. డీఎస్‌ఓపీ ప్రావిడెంట్ ఫండులో తప్పనిసరి కోత 6 శాతమే. నువ్వు కనీసం 20 వేలు వేసుకో. మెస్ బిల్లు ఒక్క నెల కూడా ఆలస్యం చేయకు. నాన్నకి తోటకని పంపుతానన్నావు, పంపు, కానీ మీ అమ్మ పేరున పంపు. కారు లోను రెండేళ్ల తర్వాత చూడొచ్చు.

నువ్వు ఆడపిల్లవి కాబట్టి ఒక మాట. ఆర్టిలరీలోకి మొదటి అయిదుగురు ఆడ ఆఫీసర్లు వచ్చింది 2023 ఏప్రిల్‌లో. అంటే మీ సుబేదార్ సాబ్ సర్వీసులో చాలా భాగం గన్నుల దగ్గర ఆడ ఆఫీసర్‌ని చూడకుండానే గడిచింది. మొదట్లో ఆయనకు నీతో ఎలా మాట్లాడాలో తెలియకపోతే దాన్ని అగౌరవం అనుకోకు. అగౌరవమే అయితే అది నీకు తెలుస్తుంది, అప్పుడు ఊరుకోకు, ఆ రోజే తేల్చుకో. గన్ పొజిషన్‌లో టాయిలెట్ టెంట్ ఎక్కడ వేయాలి, నీళ్లు ఎలా అన్నది క్వార్టర్ మాస్టర్‌కి మొహమాటం లేకుండా చెప్పు. నీళ్లు తాగకుండా రోజంతా ఉండి రోగం తెచ్చుకోకు. పరుగులో ముందుండు. ఎప్పుడూ మొదట రావాలని లేదు, కానీ వెనక పడ్డ కుర్రాడి పక్కన ఒక మైలు పరుగెత్తగలిగే దమ్ము నీ దగ్గర మిగిలి ఉండాలి. గొంతు మగవాళ్లలా మార్చుకోవాల్సిన పని లేదు. తుపాను రోజున నాన్నని కేకేసి పిలిచిన గొంతు చాలు, ఏ గన్‌కైనా వినిపిస్తుంది.

పెళ్లి మాటలు అప్పుడే మొదలయ్యాయి, కంచిలి నుంచి ఒకరు వచ్చి వెళ్లారు. దేవలాలీలో నీ ఆర్టిలరీ కోర్సు అయ్యేదాకా ఆ ఊసు నీ దాకా రాకుండా నేను చూసుకుంటాను.

పార్సెల్ పంపుతున్నాం. మీ మామ్మ ఉసిరికాయ పచ్చడి పెట్టింది. అక్కడి పిల్లలకు మన కారం ఆగదని కొంచెం తగ్గించింది. పలాస జీడిపప్పు రెండు కేజీలు వేరే ఉంది. పచ్చడి ఏడు డబ్బాలు. ఆరు గన్నులకు ఆరు, ఒకటి సుబేదార్ సాబ్‌కి. ఆయనకు నా రామ్ రామ్ చెప్పి నీ చేత్తోనే ఇవ్వు. నీకని విడిగా డబ్బా పెట్టబోతే నేనే వద్దన్నాను. రోజుకో గన్ దగ్గర కూర్చుని, వాళ్లతో పాటు తిను.

ఇట్లు,
నీ తాతయ్య